నల్లబోదె యరటి



అరటిచెట్టును గూర్చి మీకు చెప్పబూనుట సాహసమని నాకు తెలియును. పిలకను ఏ కార్తెలో తీయవలెనో, గెలను ఏ ముదురున కోయవలెనో, దూటను ఏ విధమున తరుగవలెనో మీకు తెలిసినంత నాకు తెలియదు. కనుక నేడు మీ పెరటి యరటిని విడిచి, మీలో పెక్కుమంది చూచి యుండని యొక యరటిని గూర్చి ముచ్చటించెదను. దాని బోదె నలుపు. దాని కాయ వండుకొని తినదగినది. దాని తావు పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న హవాయి దీవులు.

అంత దూరపు చెట్టుతో మనకేమి పని యని మీరడుగవచ్చును. అందులకు నా స్వంత కారణ మొకటి కలదు. దానిని ముందే చెప్పివేసిన నా మనస్సు తేలికపడును.

మా తాతగారి పెరటిలో నూతి ప్రక్కను కూరయరటి గుబు రొకటి యుండెడిది. అది బొంత కాదు. కాయ బొంతకంటె సన్నము, పొడవును. ఆబ్దికము నాటి వంటకు ఆ కాయయే కావలెనని మా నాయనమ్మ పట్టుపట్టెడిది. వారిరువురును గతించిన తరువాత నేను ఉద్యోగరీత్యా పట్టణమున నుండి, ఒక వేసవిలో పశువుల పాక వేయింప నెంచి పెరడు శుభ్రము చేయించితిని. గునపము పట్టిన మనిషి నావైపు తిరిగి, "అయ్యా, ఒక్క పిలక నుంచమందురా?" అని యడిగెను. "ఎందుకు? అరటి ఎక్కడనైనను దొరకును" అని నేనంటిని. దుంపతో సహా త్రవ్వి పారవేసిరి. పదేండ్ల తరువాత మా యింట పెద్దకార్యము వచ్చినప్పుడు ఆ కాయ కొరకు వెదకితిని. సంతలలో లేదు, చుట్టుప్రక్కల పెరళ్లలో లేదు. అడుగుదమన్నను, దానిని మా నాయనమ్మ ఏ పేర పిలిచెడిదో నాకు జ్ఞాపకము రాలేదు. పేరు తెలియని దానిని ఎవరి నడుగుదును, ఏమని యడుగుదును?

ఆ వెదకులాటలో అరటిని గూర్చిన గ్రంథములు తిరుగవేయుచుండగా ఈ హవాయి యరటి నాకు తటస్థించినది. నేను పోగొట్టుకొన్నట్టి చెట్టునే ఆ దీవులవారు వేయి యేండ్లుగా పేరుతో సహా ఎట్లు నిలుపుకొనిరో, నిలుపుకొన్నదానిని పోగొట్టుకొను స్థితికి ఎట్లు వచ్చిరో, మరల దక్కించుకొనుటకు నేడేమి చేయుచున్నారో చదివితిని. అదియే మీకు విన్నవించెదను.

ముందుగా ఆ దేశము సంగతి. హవాయి దీవులు అమెరికా ఖండపు పశ్చిమతీరమునకు రమారమి రెండువేల నాలుగువందల మైళ్ల దూరమున, సముద్రము నడుమ అగ్నిపర్వతముల వలన పుట్టినవి. వానిలో ముఖ్యమైనవి యెనిమిది. నేడవి అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొక రాష్ట్రము. 1959వ సంవత్సరమున ఆ స్థానము వచ్చినది. అంతకు పూర్వము, 1893 వరకు, అచ్చట స్వదేశ రాజులును రాణులును ఏలిరి. అక్కడి తొలి ప్రజలు దక్షిణపు దీవులనుండి జంట పడవలపై, నక్షత్రములను, అలల పోకడను, పక్షుల రాకను గురుతు పెట్టుకొని, ఇప్పటికి ఎనిమిది వందల మొదలు వేయి సంవత్సరముల క్రిందట వచ్చి చేరినవారు.

వారు వచ్చునప్పటికి ఆ దీవులలో అరటి లేదు, కొబ్బరి లేదు, చేమ లేదు, చెరకు లేదు. మనుష్యుడు కడుపు నింపుకొనదగిన మొక్కలు బహు స్వల్పము. కావున వారు తమ భార్యాబిడ్డలతో పాటు తమ పంటలనుకూడ పడవలో నెక్కించుకొని వచ్చిరి. అట్లు వచ్చిన మొక్కలు సుమారు రెండు డజనులు. వానిని నేటికిని పడవ మొక్కలని అచ్చట పిలుచుదురు. చేమ దుంపలు, చిలగడదుంప తీగెలు, పనసను పోలిన సీమపనస మొక్కలు, పసుపు కొమ్ములు, అరటి పిలకలు. ఉప్పునీరు తగిలిన పిలక చచ్చును. ఎండిన పిలకయు చచ్చును. వారముల కొలది సాగు ప్రయాణమున, త్రాగుటకే నీరు కొలుచుకొనవలసిన పడవలో, పిలక తడియారకుండ కాచి తెచ్చిన ఆ మనుష్యుల ఓర్పును తలచుకొనుడు. ఒక్కొక్క పిలకను ఎవరో ఒకరు ఎంచి, చుట్టబెట్టి, దాచి, దింపి నాటిన తరువాతనే అచ్చట అరటి తోట పుట్టినది.

అరటిని వారి భాషలో మైఅ యందురు. మైఅలలో వారు ముఖ్యముగా మూడు కుటుంబములను గుర్తించిరి. మొదటిది మావోలి, ఆ మాటకు స్వదేశీయము, అసలైనది యని యర్థము. కాయ పొడవుగా, నిండుగా, కొన మొద్దుగా నుండును. రెండవది పోపోఉలు, అనగా సీమపనసకాయ వలె గుండ్రనిది. మూడవది ఇహోలెన, లోపలి గుజ్జు పసుపుపచ్చనిది యని దాని యర్థము. చూచితిరా, పేరు చెప్పినతోడనే చెట్టు కన్నుల గట్టును. పేరే వర్ణనము, పేరే గురుతు. ఈ మూడు కుటుంబములలో మరల ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క పేరు. ఆకునను కాయనను తెల్లని చారలు గలదానికి ఆ చారలను పోలిన చారలు గల మనిని యను చేప పేరు పెట్టిరి. అది దొరలకు ప్రత్యేకింపబడిన యరటి. బోదె నల్లనిదానికి ఎలెఎలే యని పేరు పెట్టిరి. ఎలెఎలే యనగా నలుపు. ఇదియే నేటి నా విషయము.

ఎలెఎలే మావోలి కుటుంబమునకు చెందినది. ఎత్తైన చెట్టు, ఇరువది యడుగులకు మించి పెరుగును. బోదెపై పట్టలు ఊదాచాయ కలిసిన కారునలుపు. ఆకు కాడయందును, నడిమి యీనెయందును ఆ నలుపు జాడ పొడగట్టును. పచ్చని ఆకుల క్రింద నల్లని స్తంభమువలె నిలుచు ఆ చెట్టును కొండలోయలలో దూరమునుండియే గుర్తింపవచ్చునట. వానలు మెండుగా గల లోయలును, గాలి తగులని పల్లములును దానికి హితము. చేమ మడుల గట్లమీదను అరటిని నాటుట అక్కడి ఆచారము. గట్టు నిలుచుటకు వేరు, మడికి నీడ, ఇంటికి గెల. కాయ పండినప్పుడు తోలు పసుపు. లోపలి గుజ్జు నారింజ చాయ కలిసిన పసుపు. బాగుగ మిగులపండిన పిమ్మట పచ్చిగనే తినవచ్చును గాని, దాని రుచి తెలియవలెనన్న వండియే తినవలెను.

వండవలసిన యరటికిని ఊరక తినదగిన యరటికిని భేద మేమనగా, చక్కెరకేళి వంటి దానియందు కాయ పండునప్పుడు పిండిపదార్థము దాదాపుగా నంతయు చక్కెరగా మారిపోవును. కూరయరటియందు పండినను పిండి కొంత నిలిచియే యుండును. నిప్పు తగిలినప్పుడే ఆ పిండి మెత్తబడి, తీపి బయటపడును. మన బొంత విషయమున మీరెరిగినదియు నిదియే.

వారి వంట మన పొయ్యిమీది వంట కాదు, గుంటలోని వంట. దానిని ఇము అందురు. నేలలో గుంట త్రవ్వి, కట్టెలు పేర్చి, పైన రాళ్లు పెట్టి కాల్తురు. రాళ్లు ఎర్రగా కాగిన తరువాత వానిపై అరటిబోదెను చీల్చి, నలుగగొట్టి పరతురు. బోదెలో నీరెంత యుండునో మీకు చెప్పనక్కరలేదు. ఆ నీరు రాతివేడికి ఆవిరియగును. దానిపై ఆకులు, ఆకులపై చేమదుంపలు, సీమపనసలు, మాంసము, తోలు తీయని అరటికాయలు. మరల పైన ఆకులు, చాపలు, మన్ను. కొన్ని గంటలు కదలింపక యుంచి తీసినచో అన్నియు ఉడికియుండును. మాడదు, ఎండదు. ఆ వంటలో అరటి ఎన్ని పనులు చేయుచున్నదో లెక్కింపుడు. బోదె నీరై ఉడికించును, ఆకు మూతయై కప్పును, కాయ భోజనమై కడుపు నింపును. పండిన యరటిని నీటితో మెదిపి జావవలె చేసి పిల్లలకును వృద్ధులకును పెట్టుటయు కలదు.

అరటిని వండుట ఆ ప్రజలకెంత ప్రాచీనమో తెలుపు కథ యొకటి కలదు. మావి యను వీరుడు వారి పురాణపురుషుడు. ఆ కాలమున మనుష్యులకు నిప్పు పుట్టించుట తెలియదు. మావియు నతని సోదరులును సముద్రముమీద చేపలు పట్టుచుండగా ఒడ్డున పొగ కనబడెడిది. దరికి వచ్చి చూడగా నిప్పు ఆరియుండెడిది. అలై యను నీటికోళ్లు నిప్పు చేసికొని అరటికాయలు కాల్చుకొని తినుచు, మనుష్యుల రాకను గనిపెట్టి నిప్పును చెరిపివేయుచుండెను. పడవలో మనుష్యుల లెక్క సరిగా నున్నంతవరకే అవి నిప్పు చేయునని గ్రహించి, మావి తన స్థానమున ఒక బొమ్మను కూర్చుండబెట్టి, తాను ఒడ్డున పొంచియుండి ఒక కోడిని పట్టుకొనెను. అది మొదట చేమకాడను రాచిన నిప్పు పుట్టునని బొంకెను. చివరకు నిజము చెప్పెను. బొంకినందులకు మావి దాని తలను నిప్పుతో రాచెనట. అందుచేతనే నేటికిని ఆ నీటికోడి నుదురు ఎర్రగా నుండును. ఈ కథలో మనుష్యునికంటె ముందు నిప్పును దాచుకొన్న పక్షులు ఆ నిప్పుతో వండుకొన్నది అరటిని!

ఇక నల్లబోదె వలని ప్రత్యేక ప్రయోజనము వినుడు. హవాయివారు మొగలి ఆకులను ఎండబెట్టి, ముండ్లు తీసి, సన్నగా చీల్చి చాపలును, పిమ్మటి కాలమున టోపీలును అల్లెడివారు. మన తీరప్రాంతమున పెరుగు మొగలికి అది దగ్గరి చుట్టము. ఎండిన మొగలి యాకు లేత గోధుమవన్నె. దానిపై పూవులను గళ్లను తీర్చవలెనన్న వేరొక రంగు కావలెను. అందులకు ఎలెఎలే బోదెపైని నల్లని పొరను చీల్చి, ఆరబెట్టి, ఆ పట్టీలను అల్లికలో జొనిపెడివారు. రంగు వేయనక్కరలేని నలుపు. చెట్టే ఇచ్చిన నలుపు. కాయ కొరకు ఎన్నియో రకములుండగా ఈ చెట్టును ప్రత్యేకముగా నాటుకొనుటకు చాప యల్లు చేతులు కూడ కారణమని మనము గ్రహింపవలెను. ఒక రకము నిలుచుటకు నాలుక యొక్కటియే చాలదు. దానితో పని గల చేయి కూడ కావలెను.

అయితే ఈ యరటిని అందరును తినుటకు వీలు లేకుండెను. పూర్వము హవాయిలో కపు అను నిషేధ ధర్మ ముండెను. అరటి కనలోవ యను దేవత యొక్క రూపములలో నొకటియని వారి విశ్వాసము. కావున స్త్రీలు అరటిని తినరాదు. పంది మాంసమును, కొబ్బరిని తినరాదు. పురుషులతో కలిసి భుజింపనేరాదు. పోపోఉలు, ఇహోలెన వంటి కొలది రకములు మాత్రమే స్త్రీలకు అనుమతింపబడెను. మావోలి జాతి వారికి నిషిద్ధము. నిషేధమును మీరినవారికి మరణమే దండనము. కపియోలాని యను గొప్పింటి కన్య చిన్నతనమున నిషిద్ధమైన యరటిపండు తినెననియు, ఆమె వంశమునుబట్టి ఆమెను విడిచిపెట్టి, పండు తెచ్చియిచ్చిన బాలుని ప్రాణము తీసిరనియు ఆనాటి క్రైస్తవ మతబోధకులు వ్రాసియుంచిరి. ఒక పండు కొరకు ఒక బిడ్డ! పూర్వమంతయు బంగారమని తలచువారు ఈ మాటను కూడ జ్ఞాపకముంచుకొనవలెను. చెట్టును కాపాడుకొన్న సంప్రదాయమే ఆ చెట్టు పేర ప్రాణములను తీసినది. 1819వ సంవత్సరమున పెద్ద కమెహమెహ రాజు మరణించిన కొలది నెలలకు, ఆయన కుమారుడు లిహోలిహో, తన తల్లియైన కియోపువొలానియు, రాజప్రతినిధియైన కాహుమను రాణియు ప్రోత్సహింపగా, బహిరంగముగా స్త్రీల పంక్తిని కూర్చుండి భుజించెను. ఆనాటితో ఆ నిషేధము కూలినది. అప్పటినుండి ఎలెఎలే ఫలము అందరిదైనది.

అందరిదైన తరువాత అది వృద్ధి పొందవలసినది గదా. అట్లు జరుగలేదు. విదేశ నౌకలతో వచ్చిన అంటురోగముల వలన హవాయి జనసంఖ్య దారుణముగా తగ్గినది. లోయలలో చేమ మడులు బీడుపడినవి. పిమ్మట చెరకుతోటల కంపెనీలు లోయల నీటిని కాలువలు త్రవ్వి మళ్లించుకొనినవి. గట్టు లేనిచోట గట్టుమీది యరటి యెక్కడిది? 1855 ప్రాంతమున పొట్టిజాతి చైనా యరటి ఆ దీవులకు వచ్చినది. చెట్టు పొట్టి, గాలికి పడదు, గెల పెద్దది, ఒలిచి తినుటయే గాని వండు శ్రమ లేదు, ఓడలకెక్కించి అమ్ముకొనవచ్చును. ఇరువది యడుగుల నల్లచెట్టు దానితో పోటీ పడలేకపోయినది. 1926లో పోప్ అను వ్యవసాయశాస్త్రజ్ఞుడు హవాయి యరటి సాగును గూర్చి యొక పుస్తకము వ్రాసెను. 1940లో హాండీ యను పండితుడు పాత వ్యవసాయదారులను స్వయముగా కలిసి, వారి పంటల పేర్లను, సాగు పద్ధతులను ఒక గ్రంథమున కెక్కించెను. ఆ వృద్ధులను ఆనాడే అడుగకయుండినచో, ఎన్ని పేర్లు వారితోడనే మట్టిలో కలిసియుండెడివో!

ఇచ్చట మీకొక సందేహము తోచవచ్చును. చెట్టు పోయినచో గింజ నాటరాదా యని. అరటి రహస్యమంతయు ఇచ్చటనే యున్నది. అడవియరటికి గింజలుండును, గట్టి నల్లగింజలు, తినుటకు గుజ్జు స్వల్పము. మనము తిను అరటులు చాల భాగము రెండు అడవి జాతులనుండి పుట్టినవి. జీవకణములో వంశలక్షణములను మోయు దారములవంటివి కలవు. సాధారణముగా ప్రాణికి అవి తల్లినుండి యొక వరుస, తండ్రినుండి యొక వరుస, వెరసి రెండు వరుసలు వచ్చును. ఎలెఎలే మొదలగు మావోలి యరటులలో మూడు వరుసలు కలవు. ఒక్కొక్క వరుసకు పదునొకండు చొప్పున ముప్పదిమూడు దారములు. మొదటి జాతినుండి రెండు వరుసలు, రెండవ జాతినుండి ఒక వరుస. మూడు వరుసలు రెండుగా సమముగా పంచబడవు గనుక గింజ కట్టదు. గింజ కట్టదు గనుకనే కాయ నిండ గుజ్జు. మన కర్పూర చక్కెరకేళియు ఇట్టి కలయికదే. మన బొంతయందు మొదటి జాతి వరుస యొకటి, రెండవ జాతి వరుసలు రెండు. న్యూగినీ కొండలలోని కుక్ అను బురదనేలయందు సుమారు ఏడువేల సంవత్సరముల క్రిందటనే అరటిని సాగు చేసిన జాడలు దొరకినవి. ఆ వైపునుండియే పసిఫిక్ దీవులకు ఒక చేతినుండి యింకొక చేతికి పిలక నడచిపోయినది.

కావున హవాయిలో నేడు నిలిచియున్న ఎలెఎలే, ఆనాడు పడవలో వచ్చిన చెట్టు సంతతి యనుటకంటె, ఆ చెట్టే యనుట సరియైన మాట. ఒకే దేహము పిలకనుండి పిలకగా సాగివచ్చినది. నడుమ ఒక్క తరము చేయి విడిచినచో తిరిగి పుట్టించుటకు ఎట్టి విత్తనమును లేదు. నేను పెరటిలో పాక కొరకు త్రవ్వించి పారవేసినది ఒక అరటిగుబురని యనుకొంటిని. అది ఎన్ని తరముల చేతులగుండ వచ్చినదో అప్పుడు నాకు తట్టలేదు.

ఇంతవరకు పిలక నిచ్చి పుచ్చుకొనుటయే ఈ చెట్టును బ్రతికించినదని చెప్పితిని. ఇప్పుడు దానికి ఎదురైన సంగతి చెప్పవలసియున్నది. 1989వ సంవత్సరమున ఓహూ దీవియందు అరటికి ఒక వైరసు తెగులు కనబడినది. పిమ్మట తక్కిన దీవులకును ప్రాకినది. ఈ తెగులు సోకిన చెట్టున క్రొత్త యాకులు పొట్టివై, సన్ననివై, నిటారుగా నిలిచి, మొవ్వు దగ్గర కుచ్చువలె గుబురుగా పేరుకొనును. గెల వేయదు, వేసినను కాయ ఎదుగదు. చెట్లపై వ్రాలు పేనుబంక ఈ తెగులును ఒక చెట్టునుండి యింకొక చెట్టునకు మోయును. అంతకంటె దూరము మోయునది మనుష్యుడే. చూచుటకు ఆరోగ్యముగా నున్న పిలకలో తెగులు దాగియుండవచ్చును. ప్రేమతో ఒకడు ఇచ్చిన పిలక పుచ్చుకొన్నవాని తోటనంతను చెరుపవచ్చును. వేయి యేండ్లు ప్రాణము పోసిన చేతి బదలాయింపే ప్రాణము తీయునదైనది. అందుచేత హవాయిలో ఒక దీవినుండి యింకొక దీవికి అరటి మొక్కలను ఇచ్చవచ్చినట్లు తరలించుటకు నిబంధనలు అడ్డుపడుచున్నవి.

అక్కడివా రేమి చేయుచున్నారందురా? కొన్ని ఉద్యానవనములలో పాత రకములను పేరు పేరునను పెంచుచున్నారు. తెగులు లేని మొక్కనుండి మొవ్వులోని సన్నని తునకను తీసి, శుభ్రమైన గాజుసీసాలో పోషకద్రవ్యముపై పెంచి, దానినుండి అనేకములైన తెగులులేని మొక్కలను తీయు పద్ధతి వచ్చినది. పడవలో తడిగుడ్డ చుట్టిన పిలకకును సీసాలోని పిలకకును సారమున భేదము లేదు. ఎవరో ఎంచవలెను, ఎవరో కాయవలెను, ఎవరో పేరు వ్రాయవలెను. కెప్లర్, రస్ట్ అను నిరువురు కలిసి ఆ దీవుల యరటులన్నిటిని గూర్చి పెద్ద గ్రంథమును 2011లో ప్రకటించిరి. పాత లోయలలో అడవిబడిన గట్లమీద వెదకి, ఏ చెట్టు ఏ పేరిదో సరిచూచుట దానిలోని ముఖ్యమైన పని. బోదె నలుపు వలన ఎలెఎలేకు ఈ విషయమున ఒక మేలు కలిగినది. పేరే దాని మేనిమీద వ్రాసియున్నది గనుక, చూచినవాడు గుర్తింపగలడు. మా నాయనమ్మ యరటికి అట్టి గురుతు లేకపోయెను.

ఈ తెగులు మనకును క్రొత్తది కాదు. మన దేశమున 1940 ప్రాంతమున కేరళమున కనబడి, తరువాత పెక్కు చోట్లకు వ్యాపించినది. తమిళదేశమున పళని కొండలలోని విరూపాక్షి యను పేరుగల కొండయరటి దీని వలన మిక్కిలి నష్టపడినది. కావున హవాయి కథనుండి మనకు పనికివచ్చు మాటలు నాలుగు చెప్పి ముగించెదను.

మొదటిది: ఇతరులనుండి పిలక తెచ్చుకొనునప్పుడు తల్లిచెట్టును చూడుడు. ఆకు పొట్టిగా నిక్కియున్నదా, కాడమీదను ఈనెల వెంబడిని ముదురాకుపచ్చని చుక్కలును గీతలును తంతిసంకేతములవలె కనబడుచున్నవా యని పరీక్షింపుడు. అట్లున్నచో ఆ పిలకను ముట్టవలదు.

రెండవది: తెగులు తగిలిన చెట్టునకు మందు లేదు. ముందు దానిపై పేనుబంకను చంపి, పిమ్మట దుంపతోను పిలకలతోను సహా గుబురునంతను త్రవ్వి నాశనము చేయవలెను. బోదె నరికి దుంపను విడిచినచో మరల వచ్చు పిలకయు రోగిష్టియే యగును. ఇది కఠినమైన పని. కాని ఒక గుబురుపై జాలి ఊరి తోటలకెల్ల చేటు.

మూడవది: మీ పెరటిలోని పాత రకము ఒక్కచోటనే యుండనీయకుడు. ఆరోగ్యముగా నున్నంతకాలము నమ్మకమైన యింకొకరి పెరటిలో కూడ నుండవలెను. వరదకో, గాలివానకో, నావంటి తెలివితక్కువవాని గునపమునకో ఒకటి పోయినను రెండవది మిగులును.

నాలుగవది, అన్నిటికంటె సులభమైనది: పేరు వ్రాసియుంచుడు. మీ యింట ఏ యరటిని ఏమని పిలుచుదురో, ఏ కూరకు ఏ కాయ మంచిదో, ఎవరు ఎచ్చటనుండి తెచ్చిరో ఒక కాగితముమీద మీ చేతితో వ్రాసి, మీ మనుమనికి చదివి వినిపింపుడు. చెట్టును నరుకవలసి వచ్చినను, పేరు మిగిలినచో వెదకవచ్చును. పేరు పోయినచో చెట్టు ఎదుటనే యున్నను గుర్తింపలేము.

నల్లబోదె యరటిని నేను తినలేదు. దాని నల్లపట్టీతో అల్లిన చాపపై కూర్చుండలేదు. అయినను ఆ చెట్టు నాకొక సంగతి నేర్పినది. గునపము పట్టిన ఆ మనిషి నన్నడిగిన ప్రశ్న మా తాతగారికంటె వెనుకటివారందరి ప్రశ్న. దానికి నేను తప్పు సమాధానము చెప్పితిని. మీ పెరటిలో అట్టి ప్రశ్న వచ్చిననాడు, "ఒక్కటి యుంచుము" అని చెప్పుటకు మీకు అవకాశ మింకను కలదు. మా నాయనమ్మ కాయవంటి కాయ, సన్నముగా పొడవుగా నుండునది, బొంత కానిది, మీలో ఎవరి పెరటిలోనైన నున్నచో, ముందు దాని పేరు నాకు తెలియజేయుడు. పిలక సంగతి తరువాత చూచుకొందము.